కమాను కింది నీడ

రెండింటికి బస్సు కదిలింది, కొత్త రాజధాని చేరడానికి ఇంకా గంటన్నర పడుతుందని డ్రైవరు చెప్పాడు, అంటే నాకున్న గడువు గంటన్నర, ఈలోగా నోరు విప్పాలా వద్దా తేల్చుకోవాలి, విప్పితే ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవాలి. ముందు మా కోడలు, ఈ యాత్రకి గైడు ఆమే, మైకు చంకలో పెట్టుకుని తలలు లెక్కపెడుతోంది, వేలు చూపించి లెక్కపెట్టదు, అది మర్యాద కాదంటుంది, గడ్డం కొద్దిగా ఆడిస్తూ ఒక్కో వరసా దాటుతుంది, నా వరస దగ్గర కళ్ళతోనే నవ్వి నన్నూ లెక్కలో వేసుకుంది, ఇరవై మూడు. పొద్దున్న బస్సెక్కేటప్పుడే చెవిలో చెప్పింది, నేను చెప్పేదాకా మీరెవరో ఎవరితోనూ అనకండి మామయ్యా, ద్వారం దగ్గర అందరికీ ఒక్కసారే చూపిస్తాను అని. డెబ్భై ఒక్కేళ్ళ ముసలాణ్ణి, పెట్టెలో దాచిన బొమ్మలాగా. సరేనని తల ఊపి కిటికీ పక్కన కూర్చున్నాను.

పక్కసీట్లో ఒక టీచరమ్మ. రిటైరై రెండేళ్ళయిందట, చేతిలో చూడదగ్గ స్థలాల పుస్తకం, అందులో గీతలు గీయడానికి ఎర్ర పెన్ను. పొద్దున్న పాత రాజధాని దర్బారు మండపంలో మా కోడలు నూట పన్నెండు స్తంభాలని చెబితే ఈవిడ వెనకబడి ఒక్కతే తిరిగి అన్నీ లెక్కపెట్టి వచ్చి, నూట పదకొండే ఉన్నాయమ్మా అంది, మా కోడలు తడుముకోకుండా, మీరు ఆనుకుని నిలబడింది లెక్కలో వేశారాండీ అంది, అందరూ నవ్వారు, ఈవిడ కూడా నవ్వి పుస్తకంలో టిక్కు పెట్టుకుంది. ఇప్పుడు నావైపు తిరిగి మీరేం చేసేవారండీ అంటే కట్టుబడి పని అన్నాను. కాంట్రాక్టరా అంది. కాదండీ, తాపీ పట్టేవాణ్ణి అన్నాను. ఓహో అని నా చేతులకేసి చూసింది. చూడగానే రెండు చేతులూ ఒళ్ళోని సంచి కిందికి పోయాయి, నేను తోయలేదు, వాటంతట అవే పోయాయి, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కాబోలు. సిగ్గుపడ్డాననుకుని ఆవిడ మొహం అటు తిప్పుకుంది, మంచి మనిషి.

పాత రాజధాని, కొత్త రాజధాని అని జనం అనడమే గాని, కొత్తది కొత్తదై నాలుగు వందల ఏళ్ళు దాటింది, మనవలు పుట్టాక కూడా కొత్తకోడలు అన్న పేరు పోనట్టు. నది పక్కకి జరిగిపోతే పాత ఊళ్ళో నీళ్ళు లేక రాజు ఊరినే ఇటు మార్చాడని మా కోడలు చెబుతుంది. పొద్దున్న అందరూ తలలెత్తి పైకప్పు మీది రంగుల పక్షుల్ని చూస్తుంటే నేను గోడ దగ్గరకి పోయి అతుకులు చూశాను, ఇది నా జబ్బు, పెళ్ళికి తీసుకెళ్ళినా పెళ్ళికూతుర్ని చూడడు, గోడలు చూస్తాడు అని మా ఆవిడ నలుగురిలో దెప్పేది. ఉత్తరం గోడలో నడుమెత్తున రెండు రాళ్ళ మధ్య సున్నంలో ఒక బొటనవేలి అచ్చుంది, ఆరేడు వందల ఏళ్ళ కిందటి మేస్త్రి ఎవరో సున్నం పచ్చిగా ఉందో లేదో నొక్కి చూసుకున్నాడు, గీతలతో సహా ఇంకా ఉంది. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మా పెద్దమేస్త్రి తెచ్చి చూపించాడు, వేలు పెట్టి చూడరా, సరిపోతే నువ్వు మేస్త్రివి అన్నాడు. సరిపోయింది. ఎవరికైనా సరిపోతుంది, అందరి బొటనవేళ్ళూ ఒకలాగే ఉంటాయి, ఆ సంగతి తెలియడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఆ తర్వాత ఎప్పుడు అటు వెళ్ళినా వేలు పెట్టే వచ్చేవాణ్ణి. ఇవాళ ఆ గోడ ముందు నిలబడ్డాను గాని చెయ్యి జేబులోంచి తియ్యలేదు.

నేనీ యాత్రకి ఎందుకు వచ్చానో మా కోడలికి తెలియదు. ఆరేళ్ళుగా రమ్మంటోంది, మోకాళ్ళనీ ఎండనీ సాకులు చెబుతూ వచ్చాను, చివరికి పోయినవారం నేనే వస్తానంటే ఎంత సంబరపడిందో, కిటికీ పక్క సీటు అట్టిపెట్టింది. జరిగిందేమిటంటే, పోయినవారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫోనులో ఫొటోలు చూపించింది, ఆ రోజు తీసుకెళ్ళిన జనమంతా కొత్త రాజధాని ద్వారం లోపల కమాను కింద నిలబడి నవ్వుతున్నారు, చంటిపిల్లని ఎత్తుకున్న ఒకావిడ సరిగ్గా మధ్యలో. ఎందుకమ్మా అందర్నీ అక్కడే నిలబెడతావు అన్నాను. నీడ మామయ్యా, ఆ మైదానం మొత్తానికి నీడ అక్కడొక్కచోటే, పైగా మాట చక్కగా మోగుతుంది, మైకు కూడా అక్కర్లేదు, వెళ్ళినప్పుడల్లా ఇరవై నిమిషాలు అక్కడే చెబుతాను అంది. నేను మనుషుల మొహాలు చూడలేదు. రెండు వేళ్ళతో సాగదీసి పైన కమాను చూశాను, నడినెత్తి రాయికి ఎడమవైపున నాలుగో రాయి చుట్టూ తెల్లగా ఉప్పు పూసింది, దాని పక్కనే వెంట్రుక మందాన ఒక నల్లగీత. ఫోను అద్దం మీద మరకేమో అని వేలితో తుడిచాను, పోలేదు. కళ్ళజోడు తేనా మామయ్యా అంది, వద్దన్నాను.

ఆ కమాను నెత్తిన ఉన్న తొమ్మిది రాళ్ళూ పదకొండేళ్ళ కిందట నేను పెట్టినవి. పెద్దవానలకి జారిపోతే దింపి మళ్ళీ కట్టమన్నారు, పాత కట్టడాల ఆఫీసులో సున్నం పని తెలిసిన చెయ్యి అప్పటికి నాదొక్కటే మిగిలింది. మా పెద్దమేస్త్రిని అందరూ నిదానంగారు అనేవాళ్ళు, ఏ మాటైనా నిదానంరా అనే మొదలుపెట్టేవాడు, అన్నానికి పిలిచినా నిదానంరా అనేవాడు. రాయికి చెమట పడుతుందిరా, సున్నం ఆ చెమట పీల్చి గాలికి వదిలేస్తుంది, సిమెంటు బిగపట్టుకుంటుంది, బిగపట్టుకున్న నీళ్ళు రాయిని కొరుకుతాయి అని చెప్పేవాడు, పాత కట్టడంలో సిమెంటు పెట్టినవాడు అన్నంలో రాళ్ళు కలిపినవాడితో సమానం అనేవాడు. ఈ ద్వారం కట్టించిన రాజు తొందర మనిషని పేరు, అయినా పునాది తవ్వకముందే ఏడాది పాటు సున్నం గుంటల్లో నానబెట్టించాడట, మనుషుల్ని తొందరపెట్టాడు గాని సున్నాన్ని తొందరపెట్టలేదు అని మా పెద్దమేస్త్రి నవ్వేవాడు. గానుగలో రుబ్బిన డంగు సున్నంతో కమాను కడితే కింద చెక్కల ఆధారం నాలుగు వారాలు తియ్యకూడదు, పొద్దునా సాయంత్రం తడిగోనెలు కప్పుతూ పక్కనే ఉండాలి, పసిపిల్లని సాకినట్టు. నాకు నాలుగు వారాలు లేవు. పని చూసే ఇంజనీరు తన కొడుకు పరీక్షలని సెలవు పెట్టి, మీరుండగా నాకేం దిగులు మేస్త్రీ అని తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళాడు. తొమ్మిది రాళ్ళూ సిమెంటులో పెట్టాను. పైకి రెండువేళ్ళ మందాన సున్నం పూశాను, చూసినవాళ్ళకి సున్నమే. ఆరోరోజున చెక్కలు తీసి బస్సెక్కాను.

ఎందుకంటే మా ఊళ్ళో ఆస్పత్రిలో మా ఆవిడ ఉంది, డాక్టరు వారాల్లో చెప్పాడు, నెలల్లో కాదు. ఫోనులో ఆమె మాత్రం, పని చూసుకుని రండి, నేనెక్కడికి పోతాను అనేది. అలా అన్నది గనకే ఉండలేకపోయాను. నేను వెళ్ళాక పదిహేడు రోజులు బతికింది. ఆ పదిహేడు రోజులూ నాకు కావాలి, ఇవాళ అడిగినా కావాలి, ఎవరడిగినా ఈ మాటే చెబుతాను, దానికి మాత్రం పశ్చాత్తాపపడమంటే నావల్ల కాదు. కానీ మొదటిరోజు సాయంత్రమే మంచం మీద కూర్చుని నా చెయ్యి తీసుకుని తిప్పి చూసింది, సున్నం పని నుంచి వచ్చిన ప్రతిసారీ నా చేతులు బీటలువారి ఉండేవి, ముప్ఫై నాలుగేళ్ళు ఆ బీటలకి నూనె రాసిన మనిషి, ఈసారి చేతులు పగల్లేదే అంది. ఎండలు బాగా కాశాయి, పని తొందరగా తెమిలింది అన్నాను. ఎండలకి చేతులు పగలకపోవడమేమిటి అనలేదు. అలవాటు కొద్దీ నూనె రాసింది, పగలని చేతులకి. రాస్తూ రాస్తూ, తర్వాతైనా వెళ్ళి సరిచేసి రండి అంది. వెళ్తానన్నాను. పదకొండేళ్ళయింది, ఇదే వెళ్ళడం, అదీ ఇరవై ఇద్దరి మధ్య టికెట్టు లేకుండా కిటికీ పక్కన కూర్చుని.

మైకులో గరగరమంది, మా కోడలు మొదలుపెట్టింది. కొత్త రాజధాని గోడ పొడవు, బురుజుల లెక్క, టీచరమ్మ పుస్తకం తెరిచి వేలు పెట్టుకుని కూర్చుంది. ఇంకాసేపట్లో మీరు చూడబోయే ద్వారంలో ఒక రహస్యం ఉందండీ అంది మా కోడలు, రాళ్ళు కట్టే మేస్త్రీలకి ఒక కట్టుబాటు ఉంది, తాను పెట్టిన ప్రతి రాయికీ వెనకవైపున, గోడలోకి పోయే వైపున, తన గుర్తు ఉలితో చెక్కుకుంటాడు, ఒకరిది చేప, ఒకరిది నిచ్చెన, ఒకరిది మూడు గీతలు, రాయి పెట్టాక ఆ గుర్తు ఇంకెవరికీ కనపడదు, గోడ కూలితేనే కనపడుతుంది, అంటే మేస్త్రి పేరు బయటికి రాకుండా ఉన్నంతకాలం గోడ బాగున్నట్టు. బస్సులో ఎవరో భలే అన్నారు. ఇది నేను చెప్పిందే, ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఒక వానరోజు వరండాలో కూర్చుని చెప్పాను, నా గుర్తు ఏమిటని అడిగితే నేల మీద బొగ్గుతో గీసి చూపించాను, ఒక గుండ్రం, దాని కింద అడ్డగీత. ఆ తొమ్మిది రాళ్ళకి మాత్రం చెక్కలేదు. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. ఉలి చేతిలోకి తీసుకున్నాను, మొదటి రాయి బోర్లించాను, చెయ్యి సాగలేదు, వట్టి వీపుతోనే పైకి ఎక్కించాను. ఆ కమాను రాళ్ళ వెనక ఎవరి గుర్తు ఉందో అక్కడికి వెళ్ళాక చెబుతాను అని మా కోడలు నావైపు చూసి మైకు ఆపింది. టీచరమ్మ తన పుస్తకంలో ఆ సంగతి లేదని పేజీ అంచున ఎర్రపెన్నుతో రాసుకుంది.

తేలు కుట్టిన దొంగలాగా వారం రోజులు ఇంట్లో తిరిగాను. మూడుసార్లు చెప్పబోయాను, ఒకసారి ఆమె బట్టలు ఆరేస్తుంటే, ఒకసారి మావాడు డ్యూటీకి వెళ్ళాక, ఒకసారి భోజనాల దగ్గర, మూడుసార్లూ ఉప్పుందా అనో గడియారం ఆగిందనో అని ఊరుకున్నాను. పాత కట్టడాల ఆఫీసుకి ఉత్తరం రాశాను, ద్వారం లోపలి కమానులో రాళ్ళు వదులయ్యాయి, చూడగలరు, అని, కింద సంతకం పెట్టలేదు, పెట్టకుండా మడిచాక చూస్తే అది ఇంకో గుర్తు లేని రాయిలాగా ఉంది, చింపేశాను. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ద్వారం మూస్తారు, తొమ్మిది రాళ్ళూ దింపుతారు, పరువు పోతుంది, పోనీ, డెబ్భై ఒక్కేళ్ళకి పరువు ఎంత మిగులుతుంది, కానీ చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నాను మామయ్యా అని ఆమె ఎప్పుడూ నవ్వుతుంది, ఆ చెట్టుకి చెద పట్టిందని అందరి ముందూ ఆమెకి ఎలా చెప్పను. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం తెలియదు. ఏడాది నిలబడొచ్చు, పదేళ్ళు నిలబడొచ్చు. ఫొటోలో చంటిపిల్ల టోపీ ఎర్రగా ఉంది, అది ఒకటే కళ్ళ ముందుకి వస్తోంది, మిగతావాళ్ళ మొహాలు గుర్తు లేవు. ఇవాళ బస్సులో చంటిపిల్లలు లేరు, అందరినీ ఒక్కొక్కరినీ చూశాను, లేరు, అదొక ఊరట అనుకున్నాను, అనుకుని నన్ను నేనే అసహ్యించుకున్నాను. పెద్దవాళ్ళ తలకాయలైతే పగలొచ్చా.

రైల్వే గేటు పడింది. బస్సు ఆగింది, ఇంజను ఆపేసరికి అందరి మాటలూ ఒక్కసారి పెద్దవయ్యాయి. టీచరమ్మ కాళ్ళు సాగదీయడానికి కిందికి దిగింది, ఆ సీట్లో మా కోడలు వచ్చి కూర్చుంది, నీళ్ళ సీసా, మధ్యాహ్నం వేసుకోవాల్సిన బిళ్ళ నా చేతిలో పెట్టింది. ముఖమంతా ఎండకి కమిలిపోయి ఉంది, అయినా సంతోషంగా ఉంది. ఇప్పుడు చెప్పెయ్యాలి, ఇంతకన్నా మంచి అదను రాదు, గేటు తెరిచేలోగా. అమ్మాయ్ అన్నాను.

"మీకో సంగతి చెప్పనా మామయ్యా," అంది నా మాట వినకుండానే. "మొదటి ఏడాది మైకు పట్టుకుంటే నాకు గొంతు వణికేది. మీ అబ్బాయికి కూడా చెప్పలేదు. జనం నవ్వేవాళ్ళు. ఒకరోజు ఆ కమాను కింద నిలబడి, చెప్పాల్సినవన్నీ మర్చిపోయి, ఇది మా మామగారు కట్టారండీ అనేశాను. అంతే, గొంతు నిలబడింది. అప్పట్నుంచీ ఎక్కడ తడబడ్డా, ద్వారం దగ్గరకి చేరితే చాలు అనుకుంటాను."

బిళ్ళ నాలుక మీద చేదుగా కరుగుతోంది, నీళ్ళు తాగడం మర్చిపోయాను. తాగండి అంది. తాగాను. ఏదో అనబోయారు అంది. ఎండ ఎక్కువగా ఉంది, టోపీ పెట్టుకో అన్నాను. నవ్వి లేచింది. కూత పెట్టుకుంటూ గూడ్సు బండి వచ్చింది, పెట్టె తర్వాత పెట్టె, లెక్కపెడుతూ కూర్చున్నాను, ముప్ఫై ఒకటి దాకా వచ్చి ఎక్కడో తప్పిపోయాను, ఒకదాని నిండా సిమెంటు బస్తాలు ఉన్నాయనిపించింది, ఉండవు, మూసిన పెట్టెల్లో ఏముందో బయటివాడికి ఎలా తెలుస్తుంది. మా ఆవిడ ఉంటే ఏమనేదో తెలుసు. ఏమీ అనేది కాదు, చెయ్యి తీసుకుని తిప్పి చూసేది.

కొత్త రాజధాని గోడ దూరం నుంచే కనపడింది, పసుపుపచ్చ రాయి, మూడున్నర ఎండలో బాగా కాలిన రొట్టెలాగా. బస్సు దిగి మైదానం దాటుతుంటే కాళ్ళ కింద వేడి చెప్పుల్లోంచి తగులుతోంది, మా కోడలు చేతిలో లాగితే పొడవయ్యే కర్ర, కొసన పసుపు గుడ్డ, ఇరవై ఇద్దరూ ఆ గుడ్డకేసి చూస్తూ వెనకాలే నడుస్తున్నారు, రోజంతా నడిచి నడిచి వాళ్ళకి ఇంక దారి చూసుకునే పని లేదు, గుడ్డ ఎటంటే అటే. ద్వారంలోకి అడుగు పెట్టగానే అందరూ హమ్మయ్య అన్నారు. నీడ. చల్లటి రాయి. టీచరమ్మ సరిగ్గా మధ్యలో నిలబడి పైట చెంగుతో మెడ తుడుచుకుంటోంది. పైకి చూశాను. బయటి కమాను చాలా ఎత్తు, దానికేం భయం లేదు, లోపలిది మనిషి నిలువుకి రెండింతలు ఉంటుంది, అదే నాది. ఫొటోలో వెంట్రుకంత ఉన్న గీత ఇప్పుడు గడ్డిపోచంత ఉంది. ఉప్పు రెండు రాళ్ళకి పాకింది. మా కోడలు చెప్పడం మొదలుపెట్టింది, ఆమె అన్నది నిజమే, గొంతు కంచుగంటలాగా మోగుతోంది, రాయికీ రాయికీ తగిలి తిరిగి వస్తోంది, చేపా నిచ్చెనా మూడు గీతలూ అన్నీ చెప్పింది, ఈ తొమ్మిది రాళ్ళ వెనక ఒక గుండ్రం, కింద అడ్డగీత, ఆ గుర్తు ఎవరిదో ఆయన పొద్దుట నుంచీ మీ మధ్యే ఉన్నారు, మా మామగారు అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకి పైనుంచి చిటికెడు తెల్లపొడి రాలింది. టీచరమ్మ భుజం మీద పడింది, చూడకుండానే దులుపుకుని, ముందే చెప్పొచ్చు కదండీ అని నాకు దణ్ణం పెట్టింది.

నేను మా కోడలి చేతిలోంచి కర్ర తీసుకున్నాను. చూపించబోతున్నాననుకుని ఇచ్చింది. పొడవుగా లాగి, అడుగు వైపు పైకి పెట్టి, ముందు పక్కగోడలో పాత రాయి మీద కొట్టాను, ఖంగుమంది. దాని పక్కదీ ఖంగుమంది. అందరూ కుతూహలంగా వింటున్నారు. నడినెత్తి రాయికి ఎడమ పక్కనున్న నా మొదటి రాయి మీద కొట్టాను, మొద్దుగా పలికింది, రెండోదీ అంతే. మూడోది డొల్ల. నాలుగోది కొట్టేముందు చెయ్యి ఆగింది, కొట్టాల్సిన పని లేదు, నాకు తెలుసు, వారం నుంచి తెలుసు, పదకొండేళ్ళ నుంచి తెలుసు, రాయి మీద కర్ర ఆనించి ఊరికే కొద్దిగా తోశాను, అది కదిలింది. పన్ను కదిలినట్టు కదిలింది. నిదానంగారి మాట చెవిలో వినపడింది, నిదానంరా. కర్ర దించాను. అరిస్తే తోసుకుంటారు, చప్పుడవుతుంది. పసుపు గుడ్డ పైకెత్తి ఏమీ మాట్లాడకుండా ఎండలోకి నడిచాను, మెల్లిగా, యాభై అడుగులు. వెనక్కి చూడలేదు, చెప్పుల చప్పుడు వింటూ నడిచాను. ఇరవై ఇద్దరూ వచ్చారు. గుడ్డ ఎటంటే అటే. ఆగి తిరిగి చూస్తే టీచరమ్మ పుస్తకం నెత్తిన నీడగా పెట్టుకుని నా పక్కనే ఉంది, కమాను కింద మా కోడలు ఒక్కతే నిలబడి ఉంది.

"ఎక్కడికి మామయ్యా?" అంది. మాట నీడలో మోగి నా దాకా వచ్చింది.

"నువ్వూ ఇవతలికి రా అమ్మాయ్. మెల్లిగా రా."

వచ్చింది. దగ్గరకి వచ్చాక అందరూ వింటుండగానే చెప్పాను, ఎలా మొదలుపెట్టాలో గంటన్నర ఆలోచించింది ఏదీ పనికి రాలేదు, అది సున్నం కాదమ్మా, సిమెంటు పెట్టాను, మీ అత్తయ్య దగ్గరకి తొందరగా వెళ్ళాలని పెట్టాను, ఆ రాళ్ళ వెనక నా గుర్తు కూడా చెక్కలేదు అన్నాను. ఆమె నా మొహంకేసి చూసింది, తర్వాత చేతులకేసి చూసింది, నేను దాచుకోలేదు.   ద్వారం కాపలాదారు ఏమైందని వచ్చాడు, మా కోడలే రెండు ముక్కల్లో చెప్పింది, అతను తాడు తెచ్చి ద్వారానికి అడ్డంగా కట్టి, అవతలివైపు తలుపు మూసి, ఆఫీసుకి ఫోను కలిపి ఆమె చేతికి ఇచ్చాడు. అవతల ఎవరో కుర్ర ఇంజనీరు, గట్టిగా మాట్లాడే మనిషి, అందరికీ వినపడుతోంది. పాత కాగితాలు వెతకాలండీ, ఆ పని ఎవరు చేశారో ఇప్పుడెలా తెలుస్తుంది, రాళ్ళు దింపాక వెనక గుర్తు ఉంటుందిగా, దాన్ని బట్టి చూద్దాం అంటున్నాడు.

మా కోడలు ఫోను చెవి దగ్గర పెట్టుకుని నావైపు చూసింది. కావాలంటే అక్కడితో ఊరుకోవచ్చు, రాళ్ళు దిగాక వట్టి వీపులే కనపడతాయి, ఎవరిదీ కాదు అనుకుంటారు, ఆమె తన కథలో రాళ్ళు మార్చుకుని ఇంకో గోడ దగ్గర చెప్పుకోవచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది, ఆమెకీ వచ్చిందని నాకు తెలిసింది. గుండ్రం, అడ్డగీత, బొగ్గుతో గీసిన రోజు ఆమె నా పక్కన కూర్చుని చెరిగిపోకుండా చుట్టూ చెయ్యి అడ్డం పెట్టింది, వానజల్లు వరండాలోకి కొడుతుంటే. చెప్పమన్నట్టు తల ఊపాను.

"వెనక గుర్తు ఉండదండీ," అంది ఫోనులో. "ఆ తొమ్మిది రాళ్ళూ మా మామగారు పెట్టినవి."

మామగారు అన్న చోట ఆమె గొంతు వణికింది.